వెనక్కి నడుస్తూ ఊడ్చిన వాకిలి

తెల్లారకముందే వాకిట్లో పొరక చప్పుడు వినిపిస్తే ఈ వయసులో కూడా నాకు మొదట కలిగేది భయమే. ఆలస్యంగా లేచానన్న భయం. బీదర్‌లో మా రూతక్క ఇంట్లో దిగిన మర్నాడు ఆ చప్పుడుకే కళ్లు తెరిచాను. మెలకువ పూర్తిగా రాకముందే చేతులు దుప్పటి అంచులు వెతికి మడత మొదలుపెట్టాయి. అంతలో పొరక ఆగింది, దగ్గు మొదలైంది. పొడిదగ్గు, ఒకదాని మీద ఒకటి తెరపి లేకుండా. అప్పుడు గుర్తొచ్చింది, హైదరాబాదులో నా ఇల్లు వదిలి ఆదరాబాదరాగా బస్సెక్కి ఎందుకు వచ్చానో.

అక్కకు దమ్ము, అదే ఉబ్బసం. ఎప్పటి నుంచో ఉన్నదే, ఈ చలికాలం ముదిరింది. బావ పోయాక అక్క, కొడుకు జాన్సన్ ఇద్దరే ఉంటున్నారు. వాడికి కొల్హార్‌లో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని. నాకు ఫోన్ చేసింది వాడే. "చిన్నమ్మా, డాక్టరు సాఫ్ జెప్పిండు. ఇగ దుమ్ము తాకితె ఆక్సిజన్ పెట్టుడే అన్నడు. పొరక ముట్టద్దన్నడు. నేను డ్యూటీకి పోంగనే లేసి ఇల్లంత ఊకుతాంది. మీరొచ్చి జర కూసోవెట్టుండ్రి. మీ మాటైతె ఇంటది." నా మాట వింటుందని వాడెలా అనుకున్నాడో గానీ, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి మా అక్క. అయినా బయలుదేరాను. ఊపిరితో ఆటలాడే సంగతి కదా.

వాకిట్లోకి వెళ్లేసరికి అక్క నడుం వంచి, వీపు నావైపు పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ వస్తోంది. అడుగడుక్కీ ఆగి గాలి పీల్చుకుంటోంది.

"అక్కా, ఏం జేస్తున్నవ్?"

"కనవడ్తలేదా? వాకిలి ఊకుతున్న."

"డాక్టరు ఏమన్నడు నీకు?"

"డాక్టరొచ్చి మన వాకిలి ఊకుతడా?" అని, మళ్లీ వంగింది.

చేతిలోంచి పొరక లాక్కున్నాను. లాక్కున్నానే గానీ, నా కళ్లు మాత్రం ఆ వాకిలి మీదే ఉన్నాయి. మా ఊరి ఎర్రమన్ను మీద అర్ధచంద్రాల్లా గీతలు, ఒకదాని పక్కన ఒకటి, గేటు నుంచి అక్క కాళ్ల దాకా. ఎక్కడా ఒక్క అడుగు ముద్ర లేదు. ఇది మా అమ్మ నేర్పిన పని. మాది క్రైస్తవ కుటుంబం, ముగ్గు పెట్టం. అందరి వాకిళ్లలో ముగ్గులుంటే మా వాకిలి ఒక్కటే బోసిగా ఉంటుందని అమ్మకు బెంగ. చెత్త ఎత్తేశాక, నీళ్లు చిలకరించి, ఈనెల పొరకతో రెండోసారి ఊడ్చేది. గేటు దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ, తన అడుగులు తానే చెరుపుకుంటూ గడప మీదికి వచ్చి ఆగేది. ఇంక నాన్న పనికి బయలుదేరేదాకా ఆ వాకిట్లో మేం కాలు పెట్టడానికి వీల్లేదు. బడికి టైమైపోతున్నా సరే, గోడ వారన పిల్లుల్లా నడిచి వెళ్లేవాళ్లం.

మా చిన్నప్పుడు బీదర్ పాత ఊళ్లో ఒక గల్లీలో అద్దెకుండేవాళ్లం. నాన్న మిషన్ దవాఖానలో కంపౌండరు. ఆ గల్లీలో మాలాంటి వాళ్లకు ఇల్లు దొరకడమే గొప్ప. మాలాంటి వాళ్లంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు, బడిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోరో చూశాక తెలిసింది. ఇంటి ఓనరమ్మ పేరు నాగవ్వ. నుదుట విభూతి, నడుముకు తాళాల గుత్తి, కన్నడం తెలుగు కలగలిపిన మాట. ఇల్లు ఇచ్చిన రోజున నాన్నతో, "ఇల్లు ఇస్త కంపౌండరయ్యా. కని ఇల్లు ఇల్లులెక్క ఉండాలె. మీవోళ్ల సంగతి నాకెరుకే" అందట. నాన్న నవ్వి ఊరుకున్నాడు. అమ్మ నవ్వలేదు. ఆ మాటకు జవాబు నోటితో చెప్పలేక, ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ చేతులతో చెబుతూనే ఉంది.

అమ్మ పట్టపగలు ఖాళీ చేతులతో కూర్చోవడం నేను చూడలేదు. కూర్చుంటే ఒళ్లో చాట ఉండాలి, లేకపోతే కుట్టుపని ఉండాలి. ఆమె పద్ధతులు చెప్పుకుంటే చాలా మామూలుగా ఉంటాయి. పడుకున్న చోటు పడుకున్నట్టు వదిలి లేవకూడదు. బొంతలు అంచుకు అంచు కలిపి మడిచి సందుక పెట్టె మీద పెట్టాలి, మడత కొసలు గోడ వైపుండాలి. తిన్న కంచం ఎండకూడదు. పొయ్యి చల్లారగానే ఎర్రమట్టితో అలకాలి. చెప్పులు బయటికి ముఖం పెట్టి వరసగా ఉండాలి. అన్నిటికన్నా పెద్ద రూలు, ఒట్టి చేతులతో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోకూడదు. "ఉత్త చేతులూపుకుంట పోతవేందే? పొయ్యేటప్పుడు ఆ గ్లాసు పట్కపో" అనేది. ఆ రూలు నా ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, ఇప్పటికీ స్నానానికి వెళుతూ కూడా దారిలో ఏదో ఒకటి తీసి సర్దుతాను. లాంతరు చిమ్నీ తుడవడం నా వంతు, నా పిడికిలి ఒక్కటే దాని మెడలో దూరేది కాబట్టి. చింతపండు, బూడిద పట్టించిన ఇత్తడి బిందె పుల్లటి వాసన, నాన్న దవాఖాన నుంచి సీసాలో తెచ్చే ఫినాయిలు వాసన, నీళ్లు చిలకరించగానే లేచే మట్టి కమ్మదనం, ఈ మూడూ కలిస్తే నాకు మా ఇల్లు. శనివారాలైతే షాబాదు బండల సందుల్లో పాత జడపిన్ను పెట్టి మట్టి గీకించేది. మర్నాడు ఆదివారం, దేవుని దినం కదా అని మేమనుకునేవాళ్లం. దేవుడు మా బండల సందులు చూస్తాడని నాకు నమ్మకం లేదు. నాగవ్వ చూస్తుందని మాత్రం గట్టి నమ్మకం.

నిజంగానే చూసేది. రోజూ పొద్దున ఏదో ఒక వంకతో వచ్చేది. ఒకసారి కరివేపాకు, ఒకసారి మేకు కొట్టడానికి సుత్తి. గడప లోపలికి వచ్చి నిలబడేది. చాప వేస్తే కూర్చునేది కాదు, మంచినీళ్లిస్తే "ఇప్పుడే తాగొచ్చిన" అనేది. కళ్లు మాత్రం మూల మూలలా తిరిగేవి. ఒకనాడు వెళ్లబోతూ చెయ్యి పైకెత్తి తలుపు పైచెక్క మీద వేలితో ఒక్క గీత గీసింది. వేలు చూసుకుంది. చీరకు తుడుచుకోకుండానే వెళ్లిపోయింది. తుడుచుకునేంత మురికి అంటలేదన్నమాట! అమ్మ గెలిచిందని నేను ఎగిరి గంతేశాను. అమ్మ మాత్రం వెంటనే స్టూలు వేసుకుని ఆ పైచెక్క మళ్లీ తుడిచింది. అంతకుముందు వారానికోసారి తుడిచేది, ఆనాటి నుంచి రోజూ తుడవడం మొదలుపెట్టింది.

ఒకసారి అమ్మకు చలిజ్వరం వచ్చింది. పళ్లు టకటకలాడుతున్నాయి. అయినా లేచి గోడ పట్టుకుని పొరక కోసం వెతుకుతోంది. నాన్నకు కోపం రావడం నేను చూసింది బహుశా అప్పుడే.

"ఒక్కదినం ఊకకపోతె ఏమైతదే?"

"జనం సూసేది ఆ ఒక్కదినమే," అంది అమ్మ. "నెలంత ఊకింది ఎవ్వలకు కనవడది."

నాన్న పొరక తీసుకుని తనే వాకిట్లోకి వెళ్లాడు. పాపం, ముందుకు నడుస్తూ ఊడ్చి, వాకిలంతా తన అడుగులతో నింపి వచ్చాడు. అమ్మ కిటికీలోంచి చూసి, జ్వరంతోనే నవ్వింది. ఆయన దవాఖానకు వెళ్లగానే లేచి మళ్లీ ఊడ్చింది.

తరవాత ఊరి చివర, ఇప్పుడు అక్క ఉంటున్న ఈ ఇల్లు కట్టుకున్నాం. సొంతిల్లు. గడపలో నిలబడి చూసే నాగవ్వ లేదు. ఇంకనైనా అమ్మ కాస్త కుదురుగా కూర్చుంటుందని నేననుకున్నాను. కూర్చోలేదు సరికదా, గదులు పెరిగినకొద్దీ పని పెంచుకుంది. ఒకనాడు విసుగొచ్చి అడిగాను, "ఈడ ఓనరమ్మ లేదు గదనే అమ్మా, ఎవలు జూస్తరని?" అమ్మ తుడుస్తున్న గుడ్డ ఆపకుండానే, "ఓనరమ్మ లేకుంటేంది, నేనున్న గద" అంది. అప్పుడది గొప్ప మాటలా అనిపించింది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారని, మా అమ్మ అంతటి ఇల్లాలని గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది. నాగవ్వ మా వెంట ఈ ఇంటికి రాలేదనుకున్నాం, వచ్చింది. అమ్మ లోపలే కాపురం పెట్టింది. అమ్మ పోయేదాకా అద్దె లేకుండా ఉండి, పోయాక మా ఇద్దరికీ వాటాగా వచ్చింది.

హైదరాబాదులో నా ఇంట్లో పనిమనిషి ఉంది. ఆమె వచ్చేలోగా నేనే ఒకసారి ఊడ్చి పెడతాను, ఆ పిల్ల ఏమనుకుంటుందోనని. నా కూతురు ఇది చూసి పగలబడి నవ్వుతుంది. దాని ఇల్లు వేరు. కుర్చీ మీద ఉతికిన బట్టల కుప్ప, బల్ల మీద నిన్నటి కాఫీ కప్పు, ఆ రెంటి మధ్య కాళ్లు చాపుకుని హాయిగా పుస్తకం చదువుకుంటుంది. ఇల్లు చూడ్డానికి ఎవరో వస్తారన్న ఊహే దానికి లేదు. ఫోనులో ఒక వీడియో చూపించింది ఆ మధ్య. రోజూ చేసే చిన్న చిన్న అలవాట్లతో ఇల్లు సర్దుకోవడం ఎలా అని. లేవగానే పక్క సర్దడం, తిన్న గిన్నె వెంటనే కడగడం, ఒట్టి చేతులతో గది దాటకపోవడం. అన్నీ మా అమ్మవే! చివర్న ఆ వీడియోలోని అమ్మాయి తెల్లటి సోఫాలో వెనక్కి వాలి, ఇలా చేస్తే మనసు ప్రశాంతంగా ఉంటుందని చెప్పింది. నాకు ఒళ్లు మండింది. అవే పనులు జీవితమంతా చేసిన మనిషి మనసు ఒక్క పూట ప్రశాంతంగా ఉండగా నేను చూడలేదు. నా కూతురి కుర్చీ మీద బట్టల కుప్ప చూస్తే నాకు చిరాకు, దాని నిశ్చింత చూస్తే అసూయ. రెండూ నిజమే.

సరే, అక్క దగ్గరికి వస్తాను. ఆ పొద్దున్నే పొరకలన్నీ బీరువా మీద దాచాను. అక్క పాత చీర ముక్కతో నేల తుడవడం మొదలుపెట్టింది. అది గుంజుకుంటే చీరకొంగుతో కిటికీ దులిపింది. ఇలా కాదని పనంతా నేనే అందుకున్నాను. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, తడిగుడ్డతో ఇల్లంతా తుడిచేదాన్ని. ఆవిడ కుర్చీలోంచే, "గా మూల ఒదిలిపెట్టినవ్" అనేది. ఒదిలిపెట్టలేదని తెలిసి కూడా వెళ్లి మళ్లీ తుడిచేదాన్ని. గదులు అయిపోయాయి, అటకలు మొదలుపెట్టాను. ఫ్యాను రెక్కలు, స్విచ్చుబోర్డులు. జాన్సన్ ఒకరోజు షిఫ్టు దిగి వచ్చి స్టూలు మీదున్న నన్ను చూసి నోరు తెరిచాడు. "అమ్మను కూసోవెట్టుమంటె మీరు గూడ గదే పని జేస్తున్నరేంది చిన్నమ్మా?" అన్నాడు. నేను చేస్తే తప్పేం లేదు, నా ఊపిరి బాగానే ఉందని వాదించాను.

ఇంతలో స్త్రీల కూడిక వంతు వచ్చింది. సంఘంలోని ఆడవాళ్లు వారం వారం ఒకరింట్లో చేరి పాటలు పాడి ప్రార్థన చేసుకుంటారు. ఈ గురువారం అక్క ఇంట్లో. పాస్టరమ్మ కొత్తగా పెళ్లయిన పిల్లలతో, "ఇల్లంటె రూతక్క ఇల్లు జూసి నేర్సుకోండ్రి" అంటుందట. అందుకే అక్క ఇంతవరకూ దమ్ము సంగతి వాళ్లలో ఎవరికీ చెప్పలేదు.

"చెప్తె ఏమైతది?" అన్నాను.

"వంతు దప్పిస్తరు. లేకుంటె ఎవలన్న ఊకనీకె వస్తరు. రెండు గూడ నాతోని గాదు."

"ఎవలు జూస్తరే అక్కా ఇప్పుడు? నాగవ్వ పోయి ఎన్నేండ్లాయె!"

"నాకు దెల్వదా? నా చేతులకు దెల్వది," అంది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మా విషయంలో అది సామెతలా కాక డాక్టరు మాటలా వినిపించింది నాకు. ఈ పిచ్చి నిజంగానే అక్కను సమాధి దాకా తీసుకుపోతుందేమోనని భయపడ్డాను.

గురువారం జాన్సన్ పొద్దుటి షిఫ్టుకు వెళ్లాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి కుర్చీలో అక్క లేదు. పక్కింటి నుంచి పొరక అడిగి తెచ్చుకుని వాకిట్లోకి దిగింది. నేను చూసేసరికి వాకిలి మధ్యలో నేల మీద చతికిలబడి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. నోరు తెరిచి ఉంది గానీ గాలి లోపలికి పోవడం లేదు. ఎలా ఈడ్చానో తెలియదు, లోపలికి తెచ్చి పడుకోబెట్టి, మందు పీల్చే పంపు నోట్లో పెట్టాను. ఒకసారి, మళ్లీ ఒకసారి. వీపు రాస్తూ కూర్చున్నాను. దేవా, దేవా అనడం తప్ప ఇంకో ప్రార్థన రాలేదు. మెల్లగా రంగు తిరిగింది. కళ్లు తెరిచింది. జాన్సన్‌కి ఫోన్ చేస్తానంటే వద్దని చెయ్యి ఊపింది.

అప్పుడు కిటికీలోంచి వాకిలి కనిపించింది. సగం ఊడ్చి ఉంది. గేటు నుంచి మధ్య దాకా చక్కటి గీతలు. అక్కణ్నుంచి గడప దాకా ఆకులు, అక్క పడిన చోటు, నేను ఈడ్చుకొచ్చిన గుర్తులు. కాసేపట్లో ఆడవాళ్లు వస్తారు. ఆ సగం వాకిలి చూస్తారు. ఇంక నేను ఏమీ ఆలోచించలేదు. లేచి వెళ్లి పొరక తీసుకున్నాను. అక్క పక్కన కూర్చుని ఊపిరి చూడాల్సిన దాన్ని, నడుం వంచి, వెనక్కి నడుస్తూ, ఆ మిగతా సగం ఊడ్చాను. తొందరలో నీళ్లు కూడా చిలకరించలేదు. ఎర్రదుమ్ము లేచింది. లేచి, తెరిచిన కిటికీలోంచి తిన్నగా అక్క మంచం మీదికి పోయింది.

దగ్గు వినపడగానే పరుగెత్తాను. మళ్లీ పంపు, మళ్లీ వీపు రాయడం. అక్క కాస్త తేరుకున్నాక చూస్తే నా రెండో చేతిలో ఇంకా పొరక ఉంది. అక్క దానివంక చూసింది, నావంక చూసింది. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేదాన్ని. జాలి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కను ఆపడానికి వచ్చినదాన్ని, ఆవిడ ఊపిరి కన్నా ఆ గీతలే నాకు ముందు కనిపించాయి.

"కిటికి మూసెయ్," అంది అక్క.

ఆడవాళ్లు వచ్చారు. వాళ్లకు వాకిట్లో ఏ సగం ఎవరు ఊడ్చారో ఏం పట్టింది! కబుర్లాడుకుంటూ తొక్కుకుంటూ వచ్చేశారు. చాపల మీద కూర్చుని పాట పాడారు, వాక్యం చదివారు. అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. చివర్న పాస్టరమ్మ అలవాటుగా అడిగింది, ప్రార్థన మనవులు ఎవరికైనా ఉంటే చెప్పమని. ఒకామె కొడుకు పరీక్షలన్నది, ఒకామె భాల్కిలో ఉన్న కూతురి కాన్పు గురించి చెప్పింది. అక్క ఎప్పుడూ ఏమీ అడగదట. అందుకే పాస్టరమ్మ ఆవిణ్ని దాటి కళ్లు మూసుకోబోయింది.

"నాకొకటున్నది," అంది అక్క. అందరూ తిరిగి చూశారు. "నాకు దమ్మున్నది. మస్తు దినాలాయె, మీకు జెప్పలే. ఇయ్యాల పొద్దుగాల వాకిట్ల పడిపోయిన. నేనింక ఇల్లు ఊకలేను." పక్కనున్న ఒక ముసలమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. అక్క ఊపిరి తీసుకుని, నావైపు గడ్డంతో చూపించి, "మా చెల్లె కోసం గూడ జేయుండ్రి. దానికి నాకంటె ఎక్కువున్నది" అంది. వాళ్లు నాకూ దమ్మే అనుకున్నారు. నా ఊపిరితిత్తుల కోసం చాలాసేపు, కన్నీళ్లతో ప్రార్థన చేశారు. నేను తల వంచుకుని ఆమేన్ అన్నాను.

టీలు తాగి, రేపటి నుంచి వంతులవారీగా వచ్చి పని చేసి పెడతామని, కాదంటే ఊరుకోమని బెదిరించి వెళ్లారు. గది నిండా కప్పులు. ఒకటి రెండు పక్కకు ఒరిగాయి. చాపలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. టైల్సు మీద ఎర్రటి అడుగులు, బిస్కెట్ల పొడి. ఇద్దరం వాటినే చూస్తున్నాం. కప్పులైనా తీద్దామని లేవబోయాను. అక్క నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"కూసో."

"కప్పులొక్కటి తీసి..."

"రేపు," అంది అక్క.

ఇంటి పని గురించి మా ఇంట్లో ఎవరి నోటా ఆ మాట నేను అంతవరకూ వినలేదు. కూర్చున్నాను. కాళ్లు ఊరుకోవడం లేదు, వేళ్లు చాప అంచును సరిచేయబోతున్నాయి. అక్క చెయ్యి తియ్యలేదు. ఒక చీమల బారు గడప దాటి బిస్కెట్ల పొడి దగ్గరికి బయలుదేరింది. అమ్మ బతుకంతా ఎన్నో పనులు చేసింది గానీ, లేవకుండా కూర్చోవడమనే ఈ పని మాత్రం ఒక్కనాడూ చెయ్యలేదు. ఇది అన్నిటికన్నా కష్టమైన పని. ఎలా చెయ్యాలో మాకు నేర్పినవాళ్లు లేరు.